చెరువు అడుగున ఒక నాడి

నీళ్ళు తేటగా, నిలకడగా ఉండే చెరువు అంచునో, నీరు పెట్టి ఉంచిన వరిమడి మూలనో అడుగు మట్టిని చేత్తో తడిమితే, ఆకుపచ్చటి కుచ్చు ఒకటి గరుకుగా వేళ్ళకు తగులుతుంది. ఒంటి నిండా సున్నం పట్టి ఉంటుంది కాబట్టి వంచితే పుటుక్కున విరుగుతుంది. నలిపితే ముక్కు పుటాలు అదిరే వెల్లుల్లి వాసన. దీని పేరు కారా. పువ్వు పూయదు, నిజమైన వేరు లేదు. శైవలాల జాతి. రైతుకు అది పీకి గట్టున పడేసే కలుపు. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం కలిసే చోట పనిచేసేవాళ్ళు మాత్రం దాదాపు రెండున్నర శతాబ్దాలుగా దాన్ని వదలకుండా చూస్తూనే ఉన్నారు.

ఎందుకంటే, ఈ మొక్కలో ఒక కణుపు నుంచి మరో కణుపు దాకా ఉన్న కాడ మొత్తం ఒకే ఒక్క కణం. మన ఒంట్లోని మామూలు కణాన్ని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. కారా కణం మిల్లీమీటరు దాకా లావుండి, కొన్ని సెంటీమీటర్ల పొడవు సాగుతుంది. కత్తెరతో అటూ ఇటూ కత్తిరించి, ఆ ఒక్క కణాన్నే పట్టకారుతో పైకెత్తి పట్టుకోవచ్చు. కొన్ని జాతుల్లో కాడ చుట్టూ చిన్న కణాల ముసుగు ఉంటుంది. కారా బ్రౌనీ, కారా కొరలీనా, వాటి దగ్గరి చుట్టం నైటెల్లా వంటివాటిలో ఆ ముసుగు కూడా లేదు. గాజు గొట్టంలోకి చూసినట్టే లోపలికి చూడవచ్చు.

అలా చూసినవాళ్ళలో మొదటివాడు ఇటలీకి చెందిన బొనవెంతూరా కోర్తి. మతగురువు, భౌతికశాస్త్రం బోధించేవాడు. కణం లోపల ద్రవం ఆగకుండా తిరుగుతోందని 1774లో ప్రకటించాడు. కణసిద్ధాంతం పుట్టడానికి ఇంకా అరవై ఏళ్ళకు పైగా ఉంది. తాను చూస్తున్నది ఒక కణమని చెప్పుకునే భాష కూడా ఆయనకు లేదు. అయినా చూసింది చూసినట్టు రాశాడు.

ఆయన చూసింది ఇవాళ ఏ కాలేజీ సూక్ష్మదర్శినిలోనైనా కనిపిస్తుంది. కణం గోడకు ఆనుకుని పచ్చటి హరితరేణువులు వరసలు కట్టి ఉంటాయి. ఆ వరసలు నిలువుగా కాక, కాస్త మెలి తిరిగి, కాడ పొడవునా సాగుతాయి. అవి కదలవు. వాటికి లోపలి వైపున మాత్రం జీవద్రవ్యం ప్రవహిస్తుంటుంది. ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి. రెండు ప్రవాహాలూ ఎదురయ్యే హద్దు వెంబడి సన్నటి చార, అందులో హరితరేణువులు ఉండవు. ప్రవాహంలో చిన్న చిన్న రేణువులు కొట్టుకుపోతుంటాయి. ఒక రేణువును ఎంచుకుని చూపు నిలిపితే కొన్ని క్షణాల్లో దృశ్యవలయం దాటి వెళ్ళిపోతుంది. వేగం సెకనుకు 70 మైక్రోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రోజంతా లెక్క వేస్తే ఆరు మీటర్ల ప్రయాణం!

ఇంత పరుగు దేనికి? కణం అంత పొడవు కాబట్టి. పది సెంటీమీటర్ల దూరాన్ని చక్కెర అణువు దానంతటది వ్యాపిస్తూ దాటాలంటే వారాలు, నెలలు పడతాయి. అంతవరకు అటు చివర ఆకలితో ఆగలేదు. ప్రవాహాన్ని లాగేది మయోసిన్ అనే ప్రోటీను. మన కండరాలను లాగేదీ ఆ కుటుంబానిదే. హరితరేణువుల వరసలకు లోపలి ముఖాన ఆక్టిన్ పోగులు అతికి ఉంటాయి. మయోసిన్ ఆ పోగుల మీద నడుస్తూ కణంలోని పొరలను ఈడ్చుకుపోతుంది, ఆ ఈడ్పుకు ద్రవమంతా కదులుతుంది. 2022లో జపాన్ శాస్త్రవేత్తలు కారా బ్రౌనీ మయోసిన్లలో ఒకదాని వేగం కొలిచారు. సెకనుకు సుమారు 73 మైక్రోమీటర్లు. అంతవరకు తెలిసిన మయోసిన్లన్నిటిలోకీ అదే వేగవంతమైనది. చిరుతపులి కాళ్ళలో లేని వేగం చెరువు అడుగు కలుపులో ఉంది.

ఇక అసలు వింత. ఆ కణాన్ని సూదిమొనతో కాస్త గట్టిగా తాకండి, లేదా చిన్న విద్యుత్ ఘాతం ఇవ్వండి. ప్రవాహం ఆగిపోతుంది. నెమ్మదించి ఆగడం కాదు, పరుగెత్తే రేణువులన్నీ ఉన్నవి ఉన్నచోట నిలిచిపోతాయి. కొద్ది క్షణాలు ఏ కదలికా లేదు. తర్వాత ఒకటి రెండు రేణువులు బద్ధకంగా కదులుతాయి, మిగతావి వాటిని అందుకుంటాయి, కొన్ని నిమిషాలకు ప్రవాహం మునుపటి ఒరవడిలో పడుతుంది. ఆ ఆగిన క్షణంలో కణం పొడవునా ఒక విద్యుత్ తరంగం పరుగెత్తింది. మన వేలు కాలినప్పుడు చేతి నరంలో పరుగెత్తేది ఏదో, అదే కోవకు చెందిన తరంగం.

నరానికీ మొక్కకూ పోలిక అనగానే మనకు జగదీశ్ చంద్ర బోస్ గుర్తొస్తాడు. అత్తిపత్తి ఆకు ముడుచుకునే తీరులో నాడీ స్పందన వంటిది ఉందని ఆయన పట్టుబట్టి చెప్పాడు. కిరణజన్య సంయోగక్రియ మీద 1924లో ఒక గ్రంథం, మొక్కల నాడీ వ్యవస్థ మీద 1926లో మరో గ్రంథం వెలువరించాడు. ఆకు వెలుతురును ఎలా తింటుంది, ఆకు తాకిడిని ఎలా ఎరుగుతుంది అనే రెండు ప్రశ్నలనూ రెండేళ్ళ వ్యవధిలో ఒకే మనిషి పుస్తకాలుగా తేవడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. ఆ రెండు ప్రశ్నలకూ వేరు ఒక్కచోటే ఉంది.

ఆ వేరు కణత్వచం. కణాన్ని చుట్టి ఉండే కొవ్వు పొర. మందం అయిదు నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. నీళ్ళలో కరిగిన అయాన్లు ఈ పొరను తేలిగ్గా దాటలేవు. అటు ఒక రకం ఆవేశం, ఇటు ఇంకో రకం ఆవేశం పేరుకుంటాయి. నాడీకణంలో లోపలికీ బయటికీ తేడా వోల్టులో పదో వంతు కూడా ఉండదు. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ ఆ తేడా నిలబడింది అయిదు నానోమీటర్ల మందం మీద! మీటరుకు లెక్క కడితే కోటి వోల్టులు దాటుతుంది. మామూలు గాలి మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే తట్టుకోలేక నిప్పురవ్వ విసురుతుంది. మనం నడుస్తున్నా, నిద్రపోతున్నా, మన ప్రతి నరం ఆ ఒత్తిడిని మోస్తూనే ఉంది. కారా కణం ఇంకా ఎక్కువ మోస్తుంది. దాని త్వచం మీద తేడా తరచు 200 మిల్లీవోల్టుల దాకా పోతుంది.

తాకిడి తగలగానే ఏమవుతుంది? ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో, తరంగం వచ్చినప్పుడు త్వచం మొత్తం ఒక్క క్షణం కూలిపోతుందనే ఊహ బలంగా ఉండేది. దాన్ని తేల్చడానికి అమెరికాలో కెన్నెత్ కోల్, హోవర్డ్ కర్టిస్ ఎంచుకున్నది జంతువు నరాన్ని కాదు, నైటెల్లాను. మన నరంలో మిల్లీసెకనులో మెరిసి మాయమయ్యేది నైటెల్లాలో సెకన్ల పాటు సాగుతుంది, తీరిగ్గా కొలుచుకోవచ్చు. 1938లో ప్రకటించిన ఫలితం ఇది: తరంగం దాటేటప్పుడు త్వచపు విద్యుత్ నిరోధం విపరీతంగా పడిపోయింది, ఆవేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం మాత్రం దాదాపు అలాగే ఉంది. అంటే పొర కూలలేదు. అందులో ఎక్కడో సన్నటి దారులు తెరుచుకున్నాయి. మరుసటి ఏడు, 1939లో, వాళ్ళు అదే కొలతను స్క్విడ్ అనే సముద్రజీవి పెద్ద నాడీ తంతువు మీద చేశారు. చదరపు సెంటీమీటరుకు 1000 ఓములున్న నిరోధం 25కు దిగింది. గీత రూపు నైటెల్లాదే, కాలం మాత్రం ఎన్నో రెట్లు కుదించుకుపోయింది. ఆ స్క్విడ్ తంతువు మీదే ఆలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ 1952లో నాడీ తరంగపు గణితాన్ని రాశారు, 1963లో నోబెల్ పంచుకున్నారు. ఆ గణితానికి ముందు నడిచిన మొక్కను చాలా పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతోనైనా తలచుకోవు. ఇది నాకు కష్టంగానే ఉంటుంది.

రెండూ అచ్చంగా ఒకటే అని మాత్రం అనకూడదు. నరంలో ముందు సోడియం లోపలికి దూకుతుంది, వెనుకనే పొటాషియం బయటికి పోతుంది. కారాలో ముందు కాల్షియం పెరుగుతుంది, దాని ప్రేరణతో క్లోరైడ్ బయటికి పారుతుంది, ఆపైన పొటాషియం బయటికి వెళ్ళి లెక్క సరిచేస్తుంది. ఆ పెరిగిన కాల్షియమే మయోసిన్ నడకను ఆపి, ప్రవాహాన్ని నిలిపేది. తరంగం కారాలో సెకనుకు ఒకటి రెండు సెంటీమీటర్లు వెళితే, స్క్విడ్ తంతువులో ఇరవై మీటర్లకు పైగా వెళుతుంది. పద్ధతి ఒకటే, సరుకు వేరు, తొందర వేరు.

నాడీ తరంగాన్ని మనం ఎప్పుడూ విద్యుత్తుగానే చెప్పుకుంటాం. అది ఒంటి కదలిక కూడా. జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇచిజి తసాకి, తన సహచరుడు కునిహికో ఇవాసాతో కలిసి పీత నరం మీద అతి సున్నితమైన కొలతలు తీశాడు. తరంగం దాటేటప్పుడు నరం కొన్ని నానోమీటర్ల మేర ఉబ్బి, మళ్ళీ సర్దుకుంటుందని 1980లో చూపించారు. నానోమీటర్లలో ఉబ్బు అంటే పొరపాటు కొలతేమోనని అనుమానించడం తేలిక. 2018లో జర్మనీలోని డోర్ట్‌మండ్ బృందం మన కారా బ్రౌనీ వైపు తిరిగింది. కారా కణం లోపలి నీరు గోడను దాదాపు ఆరు వాతావరణాల ఒత్తిడితో నెడుతుంటుంది. అంత బిగువులో త్వచం కదలిక బయటికి కనబడదు. అందుకని ముందు ఆ ఒత్తిడి తగ్గించి, గోడ నుంచి త్వచం కాస్త విడేలా చేసి, అప్పుడు తరంగాన్ని పుట్టించారు. కణం ఉపరితలం ఒకటి నుంచి పది మైక్రోమీటర్ల దాకా కదిలింది. నానోమీటర్లు కాదు, మైక్రోమీటర్లు, సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూడదగినంత. ఆ కదలిక విద్యుత్ తరంగంతో పాటే, సెకనుకు సుమారు పది మిల్లీమీటర్ల వేగంతో సాగి, వెనక్కి సర్దుకుంది.

నరం లాగుడునూ భరించాలి. మోకాలు మడిచిన ప్రతిసారీ కాలి నరం సాగుతుంది, చాపితే సడలుతుంది. మీటరు పొడవుండే ఆ తంతువులు బతుకంతా తెగకుండా ఎలా ఉంటాయి? 2013లో హార్వర్డ్ పరిశోధకులు అతి సూక్ష్మ చిత్రణతో చూస్తే, తంతువు లోపలి అంచున ఆక్టిన్ వలయాలు 190 నానోమీటర్లకు ఒకటి చొప్పున బారులు తీరి ఉన్నాయి. వాటి నడుమ స్పెక్ట్రిన్ అనే ప్రోటీను. స్పెక్ట్రిన్ లోపించిన నులిపురుగుల్లో నరాలు పుట్టీ పుట్టగానే బాగానే ఉండి, పురుగు మెలికలు తిరిగే కొద్దీ తెగిపోతాయి. అదే పురుగును కదలకుండా చేస్తే తెగవు. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, పుణె ఐఐఎస్ఈఆర్ పరిశోధకులు 2020లో ఇంకో అడుగు వేశారు. కోడిపిల్ల పిండం నుంచి తీసిన నాడీకణాల తంతువులను సన్నటి గాజు పోగుతో పక్కకు నెట్టి లాగి, అవి ఎంత ఎదురు తిరుగుతాయో కొలిచారు. ఎక్కువ లాగిన కొద్దీ తంతువు బిగుసుకుపోవలసింది పోయి మెత్తబడింది. ముడుచుకుని ఉన్న స్పెక్ట్రిన్ మడతలు ఒక్కొక్కటిగా విచ్చుకుని ఒత్తిడిని మింగేస్తున్నాయని వాళ్ళ వివరణ. మన నరాలు తెగకపోవడానికి వాటి గట్టిదనం కాదు కారణం, సమయానికి లొంగే గుణం.

ఇప్పుడు అదే కారా కణంలో, కదలకుండా వరసలు కట్టిన హరితరేణువుల దగ్గరికి వెళ్దాం. ఒక్కో రేణువు లోపల థైలకాయిడ్లనే పొరలు దొంతరలుగా ఉంటాయి. ఆ పొర కూడా కొవ్వు పొరే, దాని మందమూ నానోమీటర్ల లెక్కే. సూర్యకాంతి కణం ఒకటి పత్రహరితాన్ని తాకితే, ఆ శక్తి పక్కపక్క అణువుల మీదుగా గెంతుతూ ఒక కేంద్రానికి చేరుతుంది. అక్కడ కొన్ని పికోసెకన్లలో ఒక ఎలక్ట్రాన్ తన చోటు విడిచి పొర అవతలి వైపుకు మళ్ళుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. ఎలక్ట్రాన్ అటు, అది వదిలిన ఖాళీ ఇటు. వెలుతురు మొట్టమొదట చేసే పని చక్కెర వండడం కాదు, ఒక పల్చటి పొరకు అటూ ఇటూ ఆవేశాలను విడదీయడం. నరం రాత్రింబవళ్ళు కాపాడుకునేదీ ఆ ఎడబాటునే.

ఆ ఎడబాటు నుంచి శక్తి ఎలా పుడుతుంది? ఎలక్ట్రాన్లు చేయి మారే క్రమంలో ప్రోటాన్లు థైలకాయిడ్ లోపలికి చేరి నిండుతాయి. పొర చెరువు కట్ట అయితే, లోపల నిండిన ప్రోటాన్లు కట్ట వెనుక నీళ్ళు. కట్టకు ఒకే ఒక తూము, ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీను. ప్రోటాన్లు అందులోంచి దూసుకుపోతుంటే ఆ ప్రోటీను నడిమి ఇరుసు నిజంగానే గిరగిరా తిరుగుతుంది. పాలకూర హరితరేణువులో 14 ప్రోటాన్లు దాటితే ఒక చుట్టు పూర్తవుతుంది, ఒక చుట్టుకు, కణం శక్తిగా ఖర్చు చేసే ఏటీపీ అణువులు మూడు తయారవుతాయి. పొరకు ఒక పక్క నిండిన ప్రోటాన్లే ఏటీపీని పుట్టిస్తాయని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించినప్పుడు ఎక్కువమంది నమ్మలేదు. 1966లో ఆండ్రే జాగెన్‌డార్ఫ్, ఎర్నెస్ట్ ఉరీబే పాలకూర నుంచి తీసిన థైలకాయిడ్ పొరలను చీకట్లోనే ముందు ఆమ్లంలో నానబెట్టి, తర్వాత ఒక్కసారిగా క్షార ద్రవంలోకి మార్చారు. వెలుతురు చుక్క లేదు. అయినా ఏటీపీ పుట్టింది. ఆకుకు సూర్యుడు ఇచ్చేది కట్ట వెనుక నీటిమట్టమేనని ఆ చీకటి ప్రయోగం చెప్పింది. మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది. ఆ ఇరుసు తిరగడాన్ని 1997లో జపాన్‌లో హిరోయుకి నోజి, సహచరులు కళ్ళతో చూశారు. బాక్టీరియా నుంచి తీసిన ఆ ప్రోటీను ఇరుసుకు మెరిసే ఆక్టిన్ పోగు ఒకటి అతికించి సూక్ష్మదర్శిని కింద పెడితే, పోగు ఎప్పుడూ ఒకే దిశలో గుండ్రంగా తిరిగింది.

ఏటీపీ పేరు రాగానే తెలుగువాళ్ళం ఒక్క క్షణం ఆగాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరం ఎంత ఉందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో కనిపెట్టాడు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరంలో దాగిన భాస్వర సమ్మేళనాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ ఏటీపీని కనుక్కున్నాడు. అదే ఏడు ఫిస్క్, సుబ్బారావు విడిగా కనుక్కున్నారు. కారా మయోసిన్ నడిచేది ఆ ఏటీపీ ఖర్చుతోనే. కణం త్వచం మీద 200 మిల్లీవోల్టులు నిలబెట్టే ప్రోటాన్ పంపుకు ఆహారం అదే. మన నరంలో సోడియంను బయటికి తోసి, పొటాషియంను లోపలికి లాగే పంపుకూ అదే. ఒంటి బరువులో యాభయ్యో వంతుండే మెదడు, ఒంటి శక్తిలో అయిదో వంతు తినేస్తుంది. అందులో చాలా భాగం ఈ ఆవేశాల ఎడబాటును నిలపడానికే పోతుంది. 1997 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఏటీపీ సింథేజ్ పనితీరును విప్పిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు వెళ్ళింది, మిగతా సగం ఆ నాడీ పంపును పీత నరాల్లో కనిపెట్టిన యెన్స్ స్కూకు. ఏటీపీని చేసే యంత్రమూ, ఖర్చు చేసే యంత్రమూ ఒకే బహుమతి పంచుకున్నాయి.

కారాలో తరంగం పరుగెత్తే త్వచం, వెలుతురు తినే హరితరేణువులు రెండూ ఒకే గోడ లోపల కాపురం చేస్తున్నాయి కదా, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలుస్తుందా? మాస్కో విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ బులిచెవ్ బృందం దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేసింది. వెలుతురులో ఉన్న కారా కణం తన పొడవునా పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. ఒక పట్టీ దగ్గర చుట్టూ నీరు ఆమ్లం వైపు మొగ్గుతుంది, పక్క పట్టీ దగ్గర క్షారం వైపు. ఆమ్లపు పట్టీలో కార్బన్ డయాక్సైడ్ తేలిగ్గా అందుతుంది, హరితరేణువులు జోరుగా పనిచేస్తాయి. క్షారపు పట్టీలో సున్నం పేరుకుంటుంది. ఇప్పుడు ఒక్క విద్యుత్ తరంగాన్ని పుట్టిస్తే, క్షారపు పట్టీల్లో కిరణజన్య సంయోగక్రియ చాలా నిమిషాల పాటు తగ్గిపోతుంది. ఆమ్లపు పట్టీల్లో పెద్ద మార్పుండదు. తరంగం పరుగెత్తింది బయటి త్వచం మీద. పని తగ్గించుకున్నవి లోపలి హరితరేణువులు. ఆ కబురు కాల్షియం ద్వారా, ఆగిన ప్రవాహం ద్వారా, చెదిరిన పట్టీల ద్వారా వాటికి చేరింది.

మన విశ్వవిద్యాలయాల బోటనీ ల్యాబుల్లో కారాకు చోటుంది. కారా ప్రత్యుత్పత్తి అవయవాలైన గ్లోబ్యూల్, న్యూక్యూల్ బొమ్మలు గీసి భాగాలు గుర్తించని డిగ్రీ విద్యార్థి అరుదు. కానీ వాళ్ళ చేతికి వచ్చేది ఎక్కువగా ఫార్మలిన్ సీసాలో రంగు వెలిసిన ముక్క, లేదా పాత స్లైడు. బతికున్న కారాకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒక గాజు జాడీ, అడుగున చెరువు మట్టి, పైన తేటనీరు, కిటికీ వెలుతురు చాలు. వంద రెట్లు పెంచి చూపే సూక్ష్మదర్శిని ప్రతి కాలేజీలో ఉంది. లేత కణుపును నీటి బొట్టులో పరిచి, ప్రవాహం కుదుటపడేదాకా ఆగి, సూదితో తాకి, రేణువులు ఎన్ని సెకన్లు నిలిచాయో ఎన్ని నిమిషాలకు మునుపటి వేగం అందుకున్నాయో రికార్డు పుస్తకంలో రాయించాలి. అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం చూపించే ప్రతి మాస్టారూ, ప్రతి మేడమూ ఈ పని చేయించగలరు.